రెక్కల గుర్రం తవ్విన ఊట

వెనకటికి శ్వేతగిరి రాజ్యాన్ని భద్రకేతుడనే రాజు ఏలేవాడట. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో పెళ్ళికొడుకు తాను కట్టిన కొత్త పద్యం చెప్పందే తాళి కట్టకూడదు. ఏడు సముద్రాల అవతల, రెక్కల గుర్రం డెక్కతో తన్నితే పుట్టిన ఊట ఒకటుంది. దాని చలవవల్లే అందరికీ పద్యాలు వచ్చేవి. ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆ ఊటను ఆక్రమించాడు. ఇంకేముంది, ఒక్కడికీ పద్యం రాదు. పెళ్ళికొడుకుల జుట్టు నెరుస్తోంది గాని పెళ్ళిళ్ళు కావడం లేదు.

చిన్న రాకుమారుడు జయంతుడికి మంత్రి కూతురు హేమలేఖ అంటే ప్రాణం. మంత్రి మాత్రం, "మాఘం వెళ్ళేలోగా పద్యం చెప్పండి బాబూ. లేదంటే పొరుగుదేశం సంబంధం ఖాయం చేస్తాను," అన్నాడు.

తమ్ముడి కోసం పెద్దన్న కత్తి పట్టుకుని ఊటను విడిపించడానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండో అన్న విల్లు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. జయంతుడు ఉత్త చేతులతో బయలుదేరి ఏడు సముద్రాలూ దాటాడు. అక్కడ ముళ్ళపొదలో రెక్క చిక్కుకున్న గుర్రం కనిపిస్తే విడిపించాడు.

"మాంత్రికుడి ప్రాణం ఊట పక్కన పంజరంలో చిలకలో ఉంది," అంది గుర్రం. "దానికి కత్తీ తగలదు, బాణమూ తగలదు. మీ అన్నలు అదే పని చేసి రాళ్ళయి కూర్చున్నారు."

"మరి నేనేం చెయ్యాలి?"

"తెలిస్తే నేనే చేసేదాన్ని కదా నాయనా."

గుర్రమెక్కి ఊట దగ్గర దిగాడు. మాంత్రికుడు ఎదురొచ్చి, "నీళ్ళు కావాలా?" అన్నాడు. "నీళ్ళు కావాలా?" అంది చిలక. మాంత్రికుడు ఏ మాటంటే చిలకా ఆ మాటే అంటుంది.

జయంతుడు ఊట నీళ్ళు దోసిలి పట్టాడు. శ్వేతగిరిలో పక్కనున్న పిట్టకో పశువుకో తాగించాకే మనిషి తాగుతాడు. అలవాటు కొద్దీ దోసిలి పంజరం దగ్గర పెట్టాడు.

"దానికొద్దు," అని అరిచాడు మాంత్రికుడు. చిలక ముక్కు అప్పటికే నీళ్ళలో ఉంది. తృప్తిగా తాగి తలెత్తి, "నాకు దాహం. పుట్టినప్పటినుంచీ దాహమే. ఎవరూ అడగలేదు," అంది.

అది చిలక మొట్టమొదటి సొంత మాట. తన మాటలు పలికే నోట్లోనే ప్రాణం దాచుకున్నాడు మాంత్రికుడు. ఆ నోరు తన చేయి దాటగానే కుప్పకూలిపోయాడు. అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. జయంతుడు తానూ కడుపునిండా తాగి, చిలకను వదిలేసి ఇంటిదారి పట్టాడు.

మాఘం చివరి ముహూర్తంలో పెళ్ళిపీటల మీద పద్యం చెప్పాడు. చెప్పుకోదగ్గదేం కాదు. రెండో పాదంలో తడబడితే పురోహితుడు మొహం చిట్లించాడు. హేమలేఖ ముసిముసిగా నవ్వి, "నాకు నచ్చింది. తాళి కట్టండి," అంది.

రాళ్ళుగా కూర్చుని విసిగిపోయిన అన్నలు రాజ్యం మాకొద్దన్నారు. జయంతుడూ హేమలేఖే చాలా ఏళ్ళు చల్లగా ఏలారు.