నాచు నీళ్ళలోకి ఎందుకు దిగింది?

ఒకప్పుడు నీళ్ళలో నాచు ఉండేది కాదు. మడుగులన్నీ అడుగుదాకా తేటగా ఉండేవి. ఈ ఒడ్డున ఉన్న చేపకు ఆ ఒడ్డున ఉన్న చేప పొలుసులతో సహా కనిపించేది. బాగానే ఉంది కదా అనుకుంటున్నారా? చిక్కంతా అక్కడే వచ్చింది.

అలాంటి ఒక మడుగులో చుక్కమ్మ అనే కొర్రమీను ఉండేది. ఆమె మొగుడు గండయ్య. మంచివాడే, పిల్లలంటే ప్రాణమే, కానీ ముక్కుమీద కోపం. ఎదురొడ్డున దుబ్బయ్య అనే ఇంకో కొర్రమీను కాపురం. అతనూ అదే తానులో ముక్క. కొర్రమీనుల్లో ఒక పట్టింపు ఉంది. ఎవరైనా కన్నార్పకుండా చూశారంటే 'దమ్ముంటే రా' అన్నట్టే లెక్క. పాపం, చేపలకు రెప్పలే లేవాయె! అందుకని ఇద్దరికీ తెల్లారింది మొదలు ఒకరినొకరు చూడక తప్పదు, చూస్తే కొట్టుకోక తప్పదు.

వాళ్ళిద్దరూ మడుగు మధ్యలో తోకలతో బాదుకుంటుంటే ఇక్కడ పిల్లలు చెల్లాచెదురయ్యేవి. చుక్కమ్మ ఒక్కతే ఎన్నిటిని కాస్తుంది? కొంగ తీరిగ్గా వచ్చి ఏరుకు తినేది. ప్రతి వానాకాలమూ అంతే. ఆమె కళ్ళముందు ఒక్క పిల్లయినా పెరిగి పెద్దయింది లేదు.

ఈసారి పిల్లలు ఎర్రెర్రగా, ముద్దుగా పుట్టాయి. వీటినైనా దక్కించుకోవాలని చుక్కమ్మ తాబేలు తాత దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంది. తాత నిదానంగా అంతా విని, కోపం వచ్చినప్పుడు కళ్ళు మూసుకోమని చెప్పు తల్లీ, నేను ఇన్నాళ్ళు బతికింది అలాగే అన్నాడు. రెప్పలున్నవాడి సలహా మరి! గండయ్య కళ్ళు మూసుకోబోయి మొహమంతా వంకర్లు తిప్పాడు. తనను వెక్కిరిస్తున్నాడనుకుని దుబ్బయ్య వచ్చి మీద పడ్డాడు. పోనీ అటు తిరిగి ఉండమంటే, చేప కళ్ళు పక్కలకు ఉంటాయి కదా, ఎటు తిరిగినా ఓ కన్ను ఆ ఒడ్డుకే.

ఆ పూట కొంగ సగం పిల్లల్ని మింగి పోయింది. మిగిలినవాటిని పొట్టకిందికి చేర్చుకుని చుక్కమ్మ ఒడ్డువారకు వచ్చి ఏడ్చింది.

ఆ ఒడ్డున ఒక మెత్తటి మొక్క ఉండేది. అదే నాచు. తోటి గడ్డి అంతా నిలబడి గాలికి ఊగుతుంటే, ఇది మాత్రం లేవలేక బురదలో పడి ఉండేది. వచ్చే గేదె, పోయే గేదె దాన్నే తొక్కేవి. ఏడుపు విని ఏమైందని అడిగింది. చుక్కమ్మ గోడంతా వెళ్ళబోసుకుంది.

"ఆ ఇద్దరి మధ్యా నేను అడ్డం నిలబడేదాన్నే అక్కా. కానీ నాకు నిలబడడమే రాదు," అంది నాచు.

"వచ్చి చూడు చెల్లీ. పడిపోతే నేను పట్టుకుంటాను," అంది చుక్కమ్మ.

నాచుకు నీళ్ళంటే భయం. అయినా ఆ పిల్లల వంక చూసి సరేనంది. చుక్కమ్మ దాని కొస నోట కరుచుకుని మెల్లగా లాక్కెళ్ళి మడుగు నడుమ వదిలింది. పడిపోతానని నాచు బిగుసుకుంది. పడలేదు. చంకలకింద చేతులేసి పసిపిల్లను లేపినట్టు నీళ్ళే దాన్ని లేపాయి. వేళ్ళు అడుగున నాటుకున్నాయి, ఆకులు పైకి లేచాయి. పుట్టి బుద్ధెరిగాక అది నిలబడడం అదే మొదలు. ఆ సంతోషంలో పిలక మీద పిలక వేసి, మడుగు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకేసింది.

గండయ్య ఎదురుగా చూశాడు. ఆకులు. పక్కకు జరిగి చూశాడు. ఆకులే.

"వాడేడీ?" అన్నాడు.

"వాడితో నీకేం పనయ్యా?" అంది చుక్కమ్మ.

గండయ్య ఎంత ఆలోచించినా పనేమీ తోచలేదు. వచ్చి పిల్లల పక్కన కాపలా ఉన్నాడు. అవతల దుబ్బయ్యా అదే చేశాడు. కొంగ వచ్చేసరికి పిల్లలు ఆకుల్లోకి దూరిపోయాయి. దాని ముక్కుకు చిక్కింది ఇంత నాచు. థూ అని ఉమ్మేసి పోయింది.

ఆ ఏడు చుక్కమ్మ పిల్లలు ఎరుపు పోయి, నల్లబడి, తల్లంత అయ్యాయి. వాటన్నిటినీ వెంటబెట్టుకుని ఆమె నాచు దగ్గరికి వెళ్ళింది. ఆకులకు ఒళ్ళు ఆనించింది.

"నీ మేలు ఏ జన్మకూ మరువలేను చెల్లీ. ఈ బిడ్డలు నువ్వు పెట్టిన భిక్షే," అంది.

"నన్ను నిలబెట్టింది నువ్వు కాదా అక్కా? మళ్ళీ ఒడ్డుకు పొమ్మనకు, అదే చాలు," అంది నాచు.

ఆకలికి మాడినా పిన్ని ఆకు కొరకొద్దనీ, మీకు పిల్లలు కలిగే వేళకు ఎక్కడున్నా పిన్ని నీడకే రమ్మనీ చుక్కమ్మ బిడ్డలచేత ఒట్టు వేయించుకుంది.

అప్పటినుంచే నాచు నీళ్ళలో నిటారుగా నిలబడుతుంది, బయటికి తీస్తే వాలిపోతుంది. గాజుతొట్టెలో చేపలు కొట్టుకుంటుంటే పెంచేవాళ్ళు నడుమ నాచు నాటేదీ అప్పటినుంచే. ఇక కొర్రమీను సంగతి. కోపం ఇప్పటికీ ముక్కుమీదే ఉంటుంది గానీ, పురిటికి మాత్రం పిన్ని ఇంటికే వెళుతుంది.