కన్ను తెరిచిన రాతిపక్షి

అనగనగా ఒక మహానది. నది నడుమ ఒక లంక. ఆ లంకకో రాజు, పేరు సుషేణుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు కువలయుడు.

లంకకి తూర్పున ఒక రాజ్యం, పడమట ఒక రాజ్యం. రెండూ ఎప్పుడు చూసినా కత్తులు నూరుకుంటూనే ఉండేవి. లంకవాళ్ళు మాత్రం ఎవరి జోలికీ పోరు. వాళ్ళకి ఒకటే ఆచారం. పడవెక్కేవాడు ఎంతటివాడైనా సరే, ఆయుధం ఒడ్డున వదలాలి. వదిలేదాకా పడవవాడు గెడ నీళ్ళలో వెయ్యడు.

లంక మధ్య కొండమీద రెండు తలల రాతిపక్షి ఉండేది. ఎంత పక్షి అనుకున్నారు! దాని రెక్క నీడలో ఊరు ఊరంతా మధ్యాహ్నం కునుకు తీసేది. ఆచారం నిలిచినన్నాళ్ళూ అది రాయి. తప్పితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా ఎవరికీ లేదు.

ఒకనాడు తూర్పురాజు పంపగా ధూమ్రకేశుడనే మాంత్రికుడు వచ్చాడు. వాడి భుజంమీద ఒక చిలక. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

"మహారాజా, మా గుర్రాలకి కాస్త గడ్డి ఇప్పించండి" అన్నాడు.

"గడ్డి ఆయుధమా ఏమిటి? ఇద్దాం నాన్నగారూ" అన్నాడు పెద్దకొడుకు. ఇచ్చారు.

ఆ సాయంత్రం కువలయుడు కొండకేసి చూశాడు. రాతిపక్షి పడమటి తల కన్ను తెరుచుకుని ఉంది! ఆ కంట్లో సూర్యుడు అస్తమిస్తున్నాడు. అన్నలకి చెబితే పకపకా నవ్వారు.

మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు. "డేరాలకి వెదురుకర్రలు కావాలి" అన్నాడు.

"మొన లేని కర్ర ఈటె ఎలా అవుతుంది?" అన్నాడు రెండో కొడుకు. ఇచ్చారు. కొండమీద రాతిరెక్క కదిలింది. పిట్టలన్నీ గోలగా లేచిపోయాయి.

మూడోసారి వచ్చాడు. "ఖాళీ పడవలు చాలు. మేమే నడుపుకుంటాం" అన్నాడు.

"వద్దు నాన్నగారూ!" అంటూ కువలయుడు తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు.

"ఇన్ని ఇచ్చి ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుందిరా?" అన్నాడు రాజు. పడవలు ఇచ్చేశాడు.

ఆ పడవల్లోనే తూర్పు సైన్యం కత్తులతో నది దాటింది. పడవలు ఎవరివో పడమటివాళ్ళు గుర్తుపట్టారు. నిప్పుబాణాలు వచ్చి లంకమీద పడ్డాయి. ఇళ్ళు అంటుకున్నాయి. లంకవాళ్ళు సగంమంది తూర్పుకి జై అన్నారు, సగంమంది పడమరకి జై అన్నారు.

అప్పుడు పక్షి లేచింది. ఆకాశం కనబడకుండా పోయింది. రెండు తలలూ ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటే ఈకలు బండరాళ్ళై రాలాయి. అంత భయంలోనూ కువలయుడు చూపు తిప్పుకోలేకపోయాడు. అది అంత అందంగా ఉంది మరి.

రేవులో ఒకే ఒక్క పడవ మిగిలింది. అతను గెడ పట్టుకుని నిలబడ్డాడు. లంకలో చిక్కుకున్న మాంత్రికుడు పరుగున వచ్చి ఎక్కాడు.

"పోనీ పడవ!"

"ఆయుధం ఒడ్డున పెట్టు."

కత్తి విసిరేశాడు.

"ఇంకా ఉంది."

మంత్రదండం విసిరేశాడు.

"ఇంకా ఉంది."

"ఇది చిలకరా!"

"గడ్డి గడ్డే అనుకున్నాం, కర్ర కర్రే అనుకున్నాం, పడవ పడవే అనుకున్నాం. ఇప్పుడు చిలక చిలకే అంటావు. దింపు!"

పక్కనే ఒక ఈకబండ ధబ్బున పడింది. మాంత్రికుడు హడలిపోయి చిలకని ఒడ్డుకి తోసేశాడు.

"నా గుండెలో తన ప్రాణం దాచుకుని ఇన్నాళ్ళూ నన్ను కట్టేసుకున్నాడు. ఇవాళ్టికి వదిలాడు!" అంటూ చిలక ఎగిరిపోయింది. అది దూరమైనకొద్దీ మాంత్రికుడు పలచబడి పలచబడి పొగలా మాయమయ్యాడు.

పక్షి రెండు తలలూ కిందికి వంచింది. దాని ఊపిరికి నది వెనక్కి నడిచింది. "ఇచ్చినవి తెచ్చుకోండి" అన్నది.

కువలయుడు ఉత్తచేతులతో రెండు ఒడ్డులకీ వెళ్ళాడు. మిగిలిన గడ్డి, వెదురుకర్రలు, పడవలు అన్నీ తెచ్చాడు. ఆ పడవల్లోనే ఇరుపక్షాల గాయపడ్డవాళ్ళని ఎక్కించుకుని వచ్చాడు. వెదురుకర్రలే వాళ్ళకి ఊతకర్రలయ్యాయి, గడ్డే పరుపయింది. అది చూసి రాజులిద్దరూ సిగ్గుపడి యుద్ధం ఆపారు. పక్షి కొండమీద వాలి మళ్ళీ రాయి అయింది.

ఇద్దరు రాజులూ అతనికి పిల్లనిస్తామన్నారు. "తూర్పు పిల్లని చేసుకుంటే పడమర అలుగుతుంది, పడమటి పిల్లని చేసుకుంటే తూర్పు మూతి ముడుస్తుంది" అని నవ్వి, కువలయుడు లంకలోనే పడవలు చేసే వడ్రంగి కూతురు కలువాయిని చేసుకున్నాడు. రాజులిద్దరూ కత్తులు ఒడ్డున వదిలి పెళ్ళికి వచ్చారు. కువలయుడు తండ్రి తరవాత రాజై, జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలాడు.

అంతా బాగానే ఉంది గానీ, పక్షి పడమటి కన్ను మాత్రం మళ్ళీ మూసుకోలేదు. లంకలో ఎవరైనా "ఆఁ, కాస్త గడ్డే కదా" అంటే, పక్కవాళ్ళు కొండవైపు చూస్తారు.