గవరయ్య లెక్కకి ఊఁ కొట్టాలి

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలాన, సముద్రం ఒడ్డున ఒక తాటితోపు, తోపు పక్కన ఒక పల్లె ఉండేవి. ఆ పల్లెలో చెట్లు కొట్టి బతికే గవరయ్య ఉండేవాడు.

చెట్టు కొట్టేముందు అదెంత పొడవో, ఎక్కడిదాకా పడుతుందో తేల్చాలి కదా. గవరయ్య నేల మీదే నిలబడి నీడతో లెక్క కట్టేవాడు. తెలియని పొడవుకి ముసుగాయన అని పేరు పెట్టాడు. "ముసుగాయన ఎవరో ఆయన్ని అడక్కూడదు. పక్కనున్నోళ్లని అడగాల," అనేవాడు.

ఆ లెక్కనైనా మనసులో చేసుకునేవాడా? లేదు. కథ చెప్పినట్టు ఒక్కో మెట్టూ పైకి చెప్పేవాడు. విన్నవాళ్లు ఊఁ కొడితేనే తర్వాతి మెట్టు. గవరయ్య లెక్క మొదలెడితే ఇంటికెళ్లి అన్నం వండుకు తిని రావచ్చని నవ్వేవారు. నవ్వనీ. "నా తప్పు నా కంటికి ఆనదు గదా," అనేవాడు.

ఒక ఏడు పెద్ద గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే నూకాలు ఇంటి ముందున్న తాటిచెట్టు మొదట్లో పగిలి ఉంది. ఇంటి ముందుగదిలో నూకాలు కోడలు పురిటి మంచం మీద ఉంది. రక్తం ఆగడం లేదు. "కదిపితే మనిషి దక్కడం కష్టం," అంది మంత్రసాని. సాయంత్రానికి మళ్లీ గాలి లేస్తుందని జాలర్లు చెప్పారు. చెట్టు పడితే ఇంటి వైపే పడుతుంది. గొడ్డలి వేసినా అటే ఒరుగుతుంది. మరి ఇంటిదాకా వస్తుందా, రాదా?

గవరయ్య వచ్చి కర్ర పాతాడు. ఊరంతా మూగింది.

"కర్ర నాలుగు మూరలు. దాని నీడ రెండు మూరలు. నీడకి రెట్టింపు కర్ర."

"ఊఁ," అంది ఊరు. "ఊఁ," అంది నూకాలు.

"ఎండ ఒకటే. కర్రకెంతో చెట్టుకీ అంతే. చెట్టు నీడకి రెట్టింపు ముసుగాయన."

"ఊఁ," అంది ఊరు. "ఊఁ," అంది నూకాలు.

"చెట్టు నీడ పందొమ్మిది మూరలు. ముసుగాయన ముప్పై ఎనిమిది. ఇల్లేమో నలభై మూరల దూరం. చెట్టు ఇంటిని అందుకోదు."

"ఊఁ!" అని ఊరంతా ఒక్కసారే అరిచింది. ఆ మాట కోసమే కదా అందరూ చెవులు రిక్కించింది!

నూకాలు మాత్రం ఊఁ అనలేదు. అందరికంటే ఆమెకే ఆ మాట కావాలి. అయినా చెట్టు నీడ వైపే చూస్తోంది.

"ఏటప్పా? ఎక్కడ ఆగిపోనావు?" అన్నాడు గవరయ్య.

"నాకు లెక్కలేటి తెలుసు గవరయ్యా. నీ కర్ర నీడ చదును నేల మీద పడింది. చెట్టు నీడ గట్టెక్కింది. ఆ రెండూ జోడీ ఎలాగవుతాయి?"

గవరయ్య గట్టు వైపు చూశాడు. గట్టెక్కిన నీడ పొట్టిదైపోతుంది. "తప్పయిపోయింది," అన్నాడు, అందరికీ వినబడేలా.

పొద్దు కాస్త పడమటికి వాలేదాకా ఆగారు. నీడ గట్టు వదిలి రెండో వైపు చదును నేల మీదికి తిరిగింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలు. కర్రా, కర్ర నీడా సమానం. ఊఁ. అయితే ముసుగాయనా, చెట్టు నీడా సమానం. ఊఁ. చెట్టు నీడ నలభై రెండు మూరలు.

"ముసుగాయన నలభై రెండు. ఇంటి మీద పడతాది," అన్నాడు గవరయ్య. ఈసారి ముందుగా ఊఁ అన్నది నూకాలే. అంటూనే ఏడ్చేసింది.

కోడలిని దింపకుండా మంచం మంచంగానే ఎత్తారు. నిండుకుండ మోసినట్టు మోసి పక్కింటికి చేర్చారు. సాయంత్రం గాలి లేచింది. తాటితల కప్పు చీల్చుకుని సరిగ్గా మంచం ఉన్న చోటే పడింది. పక్కింట్లో తల్లీ బిడ్డా బతికారు.

ఊరు గవరయ్యని ఎత్తుకోబోయింది. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "నూకాలప్ప ఊఁ అనేసుంటే నా లెక్కే ఆళ్లని చంపేసుండును," అన్నాడు.

గవరయ్య పోయి ఎంత కాలమైందో ఎవరికీ తెలియదు. ఆయనకి గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ ఆ తీరంలో హైస్కూలు పిల్లలు త్రికోణమితి లెక్క పట్టుకుంటే ఈ రోజుకీ ఒక్కరే కూర్చోరు. తెలియనిదాన్ని ముసుగాయన అంటూ ఒకరు మెట్టు మెట్టూ చెబుతారు, ఒకరు ఊఁ కొడతారు. ఊఁ రాకపోతే కోప్పడరు. పెన్ను కింద పెట్టి, "ఎక్కడ?" అని అడుగుతారు.