జారుగారు వినకూడదనుకున్న మాట

రష్యా మంచుసీమల్లో, పటాలకు కూడా ఎక్కనంత చిన్నదైన ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడ రాజుని జారు అంటారు. అప్పటి జారు పేరు గెన్నాది. పుట్టుకతో రాజు కాడు. పాత జారుకు ఇరవయ్యేళ్లు సలహాదారుగా ఉన్నాడు. ఆయన బిడ్డలు లేకుండానే దేవుడిలో కలిసిపోతే, ప్రభువులంతా బతిమాలగా ఈయన కిరీటం పెట్టుకున్నాడు.

బుద్ధిమంతుడే, పాపం. కానీ కిరీటం ఎక్కిందో లేదో పాత కొలువు మాట వింటేనే ఒళ్లు మండేది. "జారు ఒకప్పుడు సలహాదారు అని ఎవరన్నా సరే, దేశబహిష్కారం!" అని శాసనం వేయించాడు.

ఆ వారంలోనే ఆవిరిస్నానాల సావెలీ దొరికిపోయాడు. డెబ్బయ్యేళ్ల ముసలివాడు. ఆ దేశంలో స్నానం చేయించేటప్పుడు వీపు మీద ఆకుకొమ్మలతో కొడతారు. అలా జారు వీపు మీద కొడుతూ, "సలహాదారుగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టమనేవారు, ఇప్పుడు మెల్లగా అంటారేం బాబూ?" అనేశాడు.

మర్నాడు సభలో సావెలీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎల్లలు దాటితే అంతా మంచు ఎడారి. ఈ వయసులో ఒక్క చలికాలం కూడా గట్టెక్కడు. ఆస్థాన లేఖకుడు ఎలిజార్‌కు ముసలివాణ్ణి ఎలాగైనా కాపాడాలనిపించింది.

"ఆజ్ఞ రాయవయ్యా ఎలిజార్," అన్నాడు జారు.

ఎలిజార్ మనసులో దేవుణ్ణి తలుచుకుని కలం కింద పెట్టేశాడు. "ఎలా రాయను ప్రభూ? ఏం తప్పు చేశాడో ఆజ్ఞలో రాయాలి కదా. రాస్తే నేనూ ఆ మాట అన్నట్టే. సావెలీతో పాటు నేనూ మూట సర్దుకోవాలి."

"నిన్ను క్షమించాంలే. రాయి!"

"చిత్తం. దాన్ని దండోరావాడు సంతలో మూడుసార్లు చదవాలి, మన ఆచారం. వాణ్ణీ క్షమించండి. విన్నవాళ్లు ఇంటికెళ్లి ఆడవాళ్లకు చెబుతారు, వాళ్లు నూతి దగ్గర చెప్పుకుంటారు. నిన్న ఒక్క ముసలాడు అన్నాడు. రేపు రాజ్యమంతా అంటుంది. అందరినీ పంపేస్తే తమరు ఎవరిని ఏలుతారు ప్రభూ?"

జారు గడ్డం నిమురుకున్నాడు. "అయితే తప్పేమిటో రాయకుండా పంపించెయ్."

"కుదరదు ప్రభూ. తప్పు చెప్పకుండా ఎవరినీ శిక్షించకూడదని పాత జారు కాలం నాటి చట్టం ఉంది."

"ఏ తలతిక్క సలహాదారు చేయించాడయ్యా ఆ చట్టం?"

ఎలిజార్ తల వంచుకున్నాడు. "ఆ పేరు చెబితే నాకూ దేశబహిష్కారమే ప్రభూ."

జారు ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత మీసాలు అదిరాయి. ఆ తర్వాత కిరీటం ఊగేలా నవ్వాడు. "నేనే! సలహాదారుగా ఉన్నప్పుడు నేనే చేయించాను! ఇప్పుడు నన్నెక్కడికి పంపుతావయ్యా?"

"శాసనం చింపేస్తే ఎవరమూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు ప్రభూ."

జారు చింపేశాడు. తన భుజాల మీది బొచ్చుకోటు తీసి ఎలిజార్‌కు కప్పాడు.

సావెలీ అక్కడే కూలబడి, దేవుడికి దండం పెట్టుకుని, "ఇంటికెళ్లనా బాబూ?" అన్నాడు.

"వెళ్లు తాతా, చల్లగా వెళ్లు," అన్నాడు జారు.