బజారుకు కాపలా

యాసీన్‌కు తన బ్రౌజరంటే మహా గర్వం.

కొండమీద సూఫీ ఆశ్రమమైన ఖాన్ఖాలో హజ్రత్ నూరుల్లా షా దగ్గర శిష్యుడిగా చేరకముందు అతను పట్నంలో కంప్యూటర్ల ఉద్యోగం చేశాడు. ఆ ఖాన్ఖాలో ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్లను పేరు అడగరు, ఊరు అడగరు. ఆకలితో వస్తే అన్నం పెడతారు, అలసి వస్తే చాప పరుస్తారు. ఎవరో భక్తుడు పాత కంప్యూటరు ఇచ్చిపోతే, యాసీన్ దానికి లినక్స్ అనే సిస్టమ్ ఎక్కించి, వచ్చేపోయేవాళ్ల కోసం ఓ గదిలో పెట్టాడు. దాని బ్రౌజరుకూ ఈ ఆచారమే నేర్పాలని పట్టుబట్టాడు.

నేర్పాడు కూడా. వచ్చినవాళ్ల గుర్తులు దాచుకునే కుకీలు నిలవవు, స్క్రిప్టులు నడవవు, కెమెరా పలకదు. మనిషి లేచి వెళ్లాక ఎవరొచ్చారో, ఏం చూశారో ఆనవాలు మిగలదు. సగం సైట్లు తెరుచుకోకుండా తెల్లమొహం వేసేవి. తప్పు సైట్లదేనని యాసీన్ తీర్పు చెప్పేవాడు. పాపం, సైట్ల తరఫున వాదించడానికి అక్కడ ఎవరూ లేరు.

ఒకరోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. చేతిలో లాయరు రాసిచ్చిన చీటీ ఉంది.

"అన్నా, పదకొండింటికి కోర్టు విచారణ. వీడియోలో కనపడాల. కనపడకపోతే నా కొడుకును వాళ్ల నాయన దగ్గరే ఉంచేస్తారు."

ఆమె దగ్గర ఫోను లేదు. తను ఎక్కడికి పోయినా భర్తకు తెలిసిపోతుంటే, అందులో ఏదో పెట్టాడని అనుమానం వచ్చి వాగులో విసిరేసిందట. ఖాన్ఖాలో ఉన్నదేమో ఒకే ఒక బటన్ల ఫోను.

యాసీన్ చీటీలో ఉన్న చిరునామా కొట్టాడు. 'మీ బ్రౌజరు పనికిరాదు' అంది కోర్టు పేజీ. ఆ మాటకే అతనికి ఒళ్లు మండింది.

"కెమెరా కావాలంట, కుకీలు కావాలంట. లినక్స్‌లో అయితే ఇంకో బ్రౌజరు పెట్టుకుంటేనే తెరుచుకుంటుందంట. ఇన్ని అడిగేదాన్ని నేను ఇక్కడికి రానీయనమ్మా."

"ఒక్క గంటకైనా?"

"ఒకసారి వదిలేస్తే ఇంక కట్టుబాటు ఏముంటుంది? నీ మంచికే చెప్తున్నా."

ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచింది.

"అయితే బజార్లో నెట్ సెంటరుకు పోతా. అది మా ఆయన స్నేహితుడిదే. నేను అడుగు పెట్టిన మరుక్షణం మా ఆయనకు తెలిసిపోతాది. ఏం చేసేది? నా బిడ్డ నాకు కావాల గదా."

అయినా యాసీన్ చెయ్యి మౌసు మీదికి పోలేదు.

బయట అరుగు మీద హజ్రత్ మంచానికి నవారు అల్లుతున్నాడు. మాటలన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి. ఆమె మెట్లు దిగుతుంటే నవారు సగంలో వదిలేసి లేచాడు. చెప్పులు తొడుక్కుని, కర్ర తీసుకుని ఆమె వెనకే నడిచాడు. మోకాళ్లు పట్టేసినప్పటినుంచి ఆయన కొండ దిగింది లేదు.

"యాడికి బాబా?" అని యాసీన్ పరుగెత్తుకొచ్చాడు.

"బజారుకు."

"ఈ మోకాళ్లతోనా? ఎందుకు?"

"ఈ గదికి నువ్వున్నావు గదా. ఆ సెంటరుకు కాపలా ఎవరున్నారు?"

కోప్పడలేదు. ఆగనూ లేదు. కర్ర మీద బరువు మోపి ఇంకో మెట్టు దిగాడు.

యాసీన్‌కు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఒక్క ఉరుకున వెళ్లి ఇద్దరికీ అడ్డంగా నిలబడ్డాడు.

"వెనక్కి రామ్మా. పదకొండుకు ముందే నువ్వు ఆ పేజీలో ఉంటావు. నాదీ పూచీ."

మాటయితే ఇచ్చాడు గానీ, పని అంత తేలిగ్గా లొంగలేదు. కంప్యూటరులో ఆమె కోసం వేరే ఖాతా తెరిచి, మిగతా వాటితో దానికి పొత్తు లేకుండా చేశాడు. పేజీ అడిగిన బ్రౌజరును అందులో ఎక్కించాడు. ఆ ఒక్క పేజీకి తప్ప ఇంక దేనికీ కెమెరా అందదు. ముందు నెట్ నత్తనడక నడిచింది. తర్వాత కెమెరా మొరాయించింది. అది సర్దుకుందనుకుంటే మైకు మూగబోయింది. ఈసారి యాసీన్ పేజీని తిట్టలేదు, లినక్స్‌ను తిట్టలేదు. పళ్లు బిగబట్టి ఒక్కొక్క చిక్కే విప్పుకుంటూ పోయాడు. ఆమె చీటీ పట్టుకుని వెనకే నిలబడింది.

పదకొండు కావస్తుండగా ఆమె ముఖం తెర మీద కనిపించింది.

అవతల జడ్జిగారు ఆమెను పేరు పెట్టి పిలవబోతున్నారు. ఆ పేరు చెవిన పడకముందే యాసీన్ బయటికి వచ్చేశాడు. ఎవరూ అటు రాకుండా గుమ్మం దగ్గరే కావలి నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"మళ్లీ వాయిదా దాకా బిడ్డ నా దగ్గరే ఉండాలన్నారన్నా."

యాసీన్ లోపలికెళ్లి ఆ ఖాతాను పూర్తిగా చెరిపేశాడు. ఆనవాళ్లేమీ మిగల్లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత వచ్చి హజ్రత్ పాదాల దగ్గర కూర్చున్నాడు. సంతోషంగానే ఉంది, కానీ ఏదో ఇంకా గుచ్చుకుంటోంది.

"ఇన్నాళ్లూ కట్టుకొచ్చిన గోడకు నా చేత్తోనే కన్నం వేసినా బాబా."

హజ్రత్ అతని తల నిమిరాడు.

"మనిషి కోసం వేసిన కన్నాన్ని తలుపంటారు నాయనా."