గడప దాటబోయిన బట్టల మిషను

అనగా అనగా, రాజులూ ఉండి కరెంటూ ఉన్న కాలంలో, ఏటి ఒడ్డున చెరకుతోటల నడుమ తియ్యపాలెం అనే ఊరు ఉండేది. రాజులెక్కడ, కరెంటెక్కడ అని అడక్కండి. కథలో ఉన్నాయి, అంతే!

ఆ ఊళ్ళో గవరయ్య అనే బెల్లం వర్తకుడున్నాడు. కుర్రతనంలో కావడి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి బెల్లం అమ్మినవాడు. ఆ రోజుల్లో దారి పొడవునా దొంగల భయం. అందుకని డబ్బుల సంచిని నడుముకు ముడి మీద ముడి వేసి కట్టుకునేవాడు. ఇప్పుడు మేడ కట్టాడు, కొట్టు పెట్టాడు, ఇంట్లో ఇనప్పెట్టె ఉంది. అయినా ఆ సంచి నడుం దిగలేదు. తింటున్నా అదే, పడుకున్నా అదే. ఒరుసుకుని ఒరుసుకుని నడుం చుట్టూ నల్లటి చార పడింది.

"ఇంట్లో కూడా ఎందుకయ్యా అది? విప్పి పెట్టెలో పెట్టొచ్చుగా" అని భార్య నరసమ్మ పోరేది.

"ఈ ముడే నన్నింతవాణ్ణి చేసింది. దీని జోలికి రాకు" అనేవాడు గవరయ్య.

ఆయన కోడలు పైడమ్మ. నేతగాళ్ళ ఇంటి పిల్ల. కాపురానికొస్తూ తన చిన్న మగ్గాన్ని కూడా బండిలో తెచ్చుకుంది. దారి కుదుపులకు విరక్కుండా వాళ్ళ నాన్న కొయ్యకు కొయ్య చేర్చి, కొబ్బరితాళ్ళతో బిగించి మరీ పంపించాడు. ఆ మగ్గం వచ్చింది వచ్చినట్టే వసారా మూల ఉండిపోయింది.

ఎందుకంటారా? తాళ్ళు విప్పే తీరిక పైడమ్మకేదీ! బెల్లం వర్తకుల ఇంటి బట్టలంటే మాటలా? పంచెలకు పాకం, చీరలకు జిగురు, వాటి మీద ఈగలు. తెల్లారి బండ దగ్గర కూర్చుంటే పొద్దు నడినెత్తికొచ్చేది. నెయ్యాల్సిన వేళ్ళు సబ్బునీళ్ళలో నానిపోయి ముడతలు పడుతుంటే, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకునేది.

అలాంటి ఇంటికి ఒకనాడు బట్టలుతికే మిషను వచ్చింది. కోడలి కష్టం చూసి తెచ్చాడనుకునేరు! కూతురినిచ్చిన వియ్యంకుడి ఇంట్లో ఉంది కనుక తన ఇంట్లోనూ ఉండాలని గవరయ్య పంతం. పైగా ఇది పైనుంచి బట్టలు కుక్కే రకం కాదు, ముందు తలుపుది! పొట్టకు గుండ్రటి అద్దం తలుపు, లోపల తళతళలాడే స్టీలు డ్రమ్ము. వీధి వీధంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇక నా మగ్గం విప్పుతాను" అనుకుంది పైడమ్మ. అనుకోవడమేమిటి, సంతోషం పట్టలేక పైకే అనేసింది.

మిషను బిగించే మనిషి వచ్చాడు. దాని వెనక్కి వెళ్ళి పానా పెట్టాడో లేదో, గవరయ్య పరుగున వచ్చాడు.

"ఆగాగు! ఏం విప్పుతున్నావు?"

"బోల్టులండీ. ఇవి..."

"ఇవీ లేదు, అవీ లేదు! నేను కొన్న వస్తువులోంచి ఒక్క మేకు ఊడినా ఊరుకోను. ఆ ప్లాస్టిక్ కవరు కూడా చింపడానికి వీల్లేదు."

"అది కాదండీ, ముందు వీటిని..."

"నాకు చెప్పొచ్చావా? నీళ్ళ గొట్టం తగిలించి బయల్దేరు."

ఆ మనిషి గొట్టం తగిలించాడు, దణ్ణం పెట్టాడు, చక్కాపోయాడు.

మొదటిసారి బట్టలు వేశారు. ఇంటిల్లిపాదీ పీటలు వేసుకుని అద్దం ముందు కూర్చున్నారు. "అదిగో నా చీర!" అంది నరసమ్మ. "అదిగో నా లుంగీ!" అన్నాడు పైడమ్మ మొగుడు సన్యాసి. బట్టలు మెల్లగా పొర్లినంతసేపూ బాగానే ఉంది. నీళ్ళు పిండే వేళకు డ్రమ్ము జోరందుకుంది.

అంతే! మిషను దడదడమంది, గడగడమంది, ఎగిరి గంతేసింది. గోడ వదిలేసి గదిలోకి నడిచొచ్చింది. గవరయ్య భయంతో మంచం మీదికి ఎగబాకాడు. సన్యాసి ఎలాగో దూకి స్విచ్చు ఆపాడు.

"తాడు తెండి. పోట్లగిత్తలనే కట్టేసిన చేతులివి" అన్నాడు సన్యాసి. మిషనును కిటికీ ఊచకు కట్టి మళ్ళీ తిప్పారు. మిషను నడిచింది. దాంతోపాటు ఊచా నడిచింది.

"బరువు చాలక ఎగురుతోంది గానీ, రుబ్బురోలు ఎత్తి నెత్తిన పెట్టండి" అంది నరసమ్మ. పెట్టారు. రోలు దొర్లి కిందపడి నాపరాయి పగిలింది, పక్కనున్న ఆవకాయ జాడీ రెండు చెక్కలైంది. నరసమ్మ గోల ఊరవతలికి వినబడింది.

మూడోసారి ఎదురింటి సిద్ధాంతిగారు వచ్చి, గడ్డం నిమురుకుని, "దిష్టి, గవరయ్యా! పచ్చి దిష్టి!" అని తేల్చారు. గుమ్మడికాయ కొట్టారు. నిమ్మకాయల దండ వేశారు. దండ వేసుకున్న మిషను పెళ్ళికొడుకులా ఊగుతూ గుమ్మందాకా వెళ్ళి, వైరు ఊడి, గడప మీద ఆగింది.

గవరయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఇది ఇల్లు నిలిపే వస్తువు కాదు. రేపు పొద్దున్నే బండి కట్టించి కొట్టువాడికి తిప్పి పంపేస్తాను. ఆ మగ్గాన్ని కూడా అదే బండిలో వెయ్యండి. ఎవరో ఒకరికి అమ్మేద్దాం, ఊరికే మూల అడ్డం" అన్నాడు.

మిషను పోతే పోనీ, బండ ఉండనే ఉంది. మగ్గం పోతే పైడమ్మ పైడమ్మే కాదు.

గబగబా వసారాలోకి వెళ్ళింది. ఆఖరిసారి చూసుకుందామని మగ్గం మీద దుమ్ము దులిపింది. పట్టుకుని ఊపి చూసింది. కొయ్య కదిలితే ఒట్టు! నాన్న కట్లు అంత గట్టివి. "ఇలా కట్టినదాని మీద నేస్తే ఏమవుతుంది? ఆడాల్సిన కొయ్యలు ఆడవు. నేను లాగిన లాగుడుకు మగ్గం మగ్గమంతా ఎగిరిపడుతుంది" అనుకుంది.

ఆ మాట అనుకున్నదే తడవు, చెయ్యి ఆగిపోయింది.

ఒక్క ఉదుటున మిషను దగ్గరికొచ్చి అద్దం తలుపు తెరిచింది. డ్రమ్మును చేత్తో నెట్టి చూసింది. రాయిలా ఉంది! ఆడపడుచు అత్తారింట్లో మిషను డ్రమ్ము నెడితే ఉయ్యాలలా ఊగడం తను చూసింది కదా. వెనక్కి వెళ్ళి వంగి చూసింది. ఆ మనిషి పానా పెట్టిన చోటే నాలుగు పొడవాటి బోల్టులు. వాటి కొసలు లోపలికంటా దూరి, డ్రమ్మును తిరగనిస్తూనే ఊగనివ్వకుండా బిగబట్టుకున్నాయి.

"మగ్గానికి తాళ్ళు, నీకు బోల్టులా!" అని పకపకా నవ్వింది పైడమ్మ. నవ్వుతూనే మామగారి ముందుకొచ్చి నిలబడింది.

"మామయ్యా, పానా ఇప్పించండి. ఆ బోల్టులు తీస్తే మిషను నడవదు."

"తీశాక ఏదైనా విరిగితే? కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడా?"

"విరిగితే నా మగ్గాన్ని ముక్కలు చేసి బెల్లం పొయ్యిలో పెట్టండి. మళ్ళీ దాని పేరెత్తను. మిషను కుదురుగా నిలబడితే మాత్రం, ఈ వసారాలో నా మగ్గం నిలబడాలి. ఒప్పుకుంటారా?"

ఎదురుగా నిలబడి ఆ కోడలు అంత మాట అనడం అదే మొదలు. గవరయ్య ఆమె ముఖంలోకి చూశాడు. అందులో బెదురు లేదు.

"సరే, కానీ" అన్నాడు.

మిషనును గోడ దగ్గరికి చేర్చి, పైడమ్మ ఒకటి తిప్పింది, రెండు తిప్పింది, మూడు తిప్పింది. నాలుగోది ఊడిందో లేదో, లోపల డ్రమ్ము టప్పున జారి ఊగింది.

"విరిగింది! చెప్పానా!" అని అరిచాడు గవరయ్య.

"విరగలేదు మామయ్యా. ఊపిరి పీల్చుకుంది" అంది పైడమ్మ.

బట్టలు వేసింది. తలుపు మూసింది. మిషను నెత్తిన ఒక చెంబుతో నీళ్ళు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. నరసమ్మ కళ్ళు మూసుకుంది. సన్యాసి స్విచ్చు మీద చెయ్యి వేసుకుని కాచుకున్నాడు. ఉతికింది, జాడించింది, నీళ్ళు పిండే వేళయింది. డ్రమ్ము గిర్రున తిరిగింది. చెంబులో నీళ్ళు వణికాయి గానీ ఒలకలేదు. మిషను ఉన్నచోటు నుంచి అంగుళం కూడా కదల్లేదు.

"ఓరి దీని దుంపతెగా!" అన్నాడు సన్యాసి.

పైడమ్మ ఆ నాలుగు బోల్టులూ కొంగుతో తుడిచి మామగారి చేతిలో పెట్టింది. "మీ సొమ్ములో ఒక్కటీ పోలేదు మామయ్యా, దాచుకోండి. మళ్ళీ మిషను బండెక్కే రోజొస్తే బిగిద్దాం. ఇవి చెడ్డవేం కావు. దారిలో డ్రమ్మును కాపాడినవి ఇవే. ఇల్లు చేరిందని వీటికెవరూ చెప్పలేదు, అంతే."

గవరయ్య ఆ బోల్టులను చాలాసేపు చూశాడు. ఆయన రెండో చెయ్యి తెలియకుండానే నడుం మీదికి పోయింది. లేచి వసారాలోకి వెళ్ళాడు. మగ్గం ముందు చతికిలబడి తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"మీకెందుకు మామయ్యా, నేను విప్పుకుంటాగా!"

"ముళ్ళ సంగతి నాకు తెలిసినట్టు నీకు తెలీదులే అమ్మా" అన్నాడాయన.

మర్నాడు పొద్దున పైడమ్మ ఉతికే బట్టలు తీస్తుంటే, బుట్టలో అన్నిటికీ పైన ఒక పాత సంచి కనబడింది. జిడ్డోడుతోంది, ఖాళీగా ఉంది, ఒక్క ముడి కూడా లేదు. తలెత్తి చూస్తే గవరయ్య గుమ్మంలో నిలబడి నడుం మీది చారను గోక్కుంటున్నాడు. ముఖం నిండా సిగ్గు.

"దాన్ని కూడా ఓసారి ఉతికించమ్మా" అన్నాడు. "పాపం, చాలా దూరం నడిచొచ్చింది."

పైడమ్మకు కళ్ళు చెమర్చాయి. ఈసారి తుడుచుకోలేదు. సంచిని డ్రమ్ములో వేసి, తలుపు మూసి, వెళ్ళి మగ్గం మీద కూర్చుంది. అద్దం వెనక సంచి గిరగిరా తిరుగుతుంటే, వసారాలో దారం మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తింది.

కనుక పిల్లలూ, పెద్దలూ! దారిలో మనల్ని కాపాడిన కట్టుకు దణ్ణం పెట్టాలి, ఇల్లు చేరాక దాన్ని విప్పెయ్యాలి.