పైడమ్మ పరగడుపు మేత

అనగనగనగా ఒక ఊళ్ళో పైడమ్మని ఒకావిడ ఉండేదిట. పిల్లాపీచూ లేరు పాపం. మొగుడు సన్యాసప్పడు, పెరట్లో నాలుగు కోళ్ళు, అంతే ఆవిడ సంసారం. అందులో నల్లపెట్టంటే ఆవిడకి ప్రాణం. ఊఁ కొడుతున్నావా, బంగారం?

ఒకసారి ఆ నల్లపెట్టకి పొట్ట చెడింది. ఒకటే నీళ్ళ రెట్టలు. సన్యాసప్పడు చూసి, "ఆదివారం దాకా చూస్తానే. తగ్గకపోతే కోసేద్దాం, పులుసైనా దక్కుద్ది" అన్నాడు.

పైడమ్మ వెంటనే పెట్టని చంకనెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "వెల్లుల్లి దంచి, చిటికెడు పసుపేసి, మజ్జిగతో నూకల్లో కలిపి పెట్టు. పొట్ట కుదుటపడుతుంది. పరగడుపునే సుమా!" అందావిడ.

మర్నాడు పైడమ్మ మేత కలిపేలోగా, పెట్ట పక్కనున్న ధాన్యం మిల్లుకెళ్ళి తవుడు మెక్కొచ్చింది. వెల్లుల్లి వాసనకి మూతి తిప్పుకుని పోయింది.

ఆ మర్నాడు పెందలాడే గంప కింద మూసింది. అది కొక్కొక్కోమని ఒకటే గోల. వింటూ ఉండలేక, ఈ పిచ్చితల్లి గుప్పెడు ఉత్త నూకలు పడేసింది! కడుపు నిండాక మందుమేత ఎందుకు తింటుందమ్మా? తినలేదు.

అంతలో ఆదివారం రానే వచ్చింది. ఈసారి పెట్టతోపాటు మందుమేత చిప్ప కూడా గంప కిందే పెట్టి, పక్కనే చతికిలబడింది. "నువ్వు తినేదాకా నేనూ మెతుకు ముట్టనే" అంది. పెట్ట అరిచింది, అలిగింది. పైడమ్మ ఏడ్చింది కానీ గంప ఎత్తలేదు. ఎండ పెరట్లోకొచ్చేసింది. అప్పుడు టక్కుమని ఒక్క ముక్కుపోటు. ఆ తర్వాత ఇంకోటి. చిప్పంతా ఊడ్చేసింది!

పైడమ్మ లేవబోతే కళ్ళు తిరిగాయి. చూస్తే ఎదురుగా సన్యాసప్పడు, చేతిలో చద్దన్నం. ఎప్పణ్ణుంచి నిలబడ్డాడో ఏమో. కత్తి మాటే ఎత్తలేదు. ముద్ద కలిపి ఆవిడ నోటికందించి, "రేపు వెల్లుల్లి నేను దంచుతాలే" అన్నాడు.

దంచాడు కూడా. పెట్ట బతికింది.

కథేమో కంచికి, కోడేమో గూటికి, నువ్వేమో నిద్దరకి!